కరెంటు పోతేనే బాగా పలికే రేడియో

మా ఊరు తెనాలికి దగ్గరలో ఉంటుంది. అక్కడి ఇంట్లో నాన్నగారికి ఒక బ్యాటరీ రేడియో ఉంది; పొద్దున లేచింది మొదలు మధ్యాహ్న భోజనం దాకా అది ఆకాశవాణి విజయవాడ కేంద్రం మీదే, అంటే 837 కిలోహెర్ట్జ్ మీదే, ఉంటుంది. కిందటి వేసవిలో డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాము. పెట్టించిన వారానికి అమ్మ ఫోన్ చేసి రేడియోకు విచిత్రమైన జబ్బు చేసిందని చెప్పింది. కరెంటు ఉన్నంతసేపూ ఈల వేస్తుందట, కరెంటు పోగానే శుభ్రంగా పలుకుతుందట, చీకటి పడ్డాక మాత్రం కరెంటు ఉన్నా పలుకుతుందట. ఆ రేడియో నడిచేది రెండు సెల్లతో; గోడలోని ప్లగ్గుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. నాన్నగారు అప్పటికే సెల్లు మార్చి చూశారు, తెనాలి తీసుకువెళ్లి బాగుచేసే అతనికి కూడా చూపించారు. అతని దుకాణంలో అది చక్కగా మోగింది.

ఈ మూడు లక్షణాలూ వినగానే జబ్బు రేడియోది కాదని నాకు తెలిసిపోయింది. హైదరాబాద్‌లో నేను చేసే ఉద్యోగమే ఇన్వర్టర్ల, అంటే ప్యానెళ్ల డీసీని ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే పెట్టెల, డిజైన్. అందులోనూ నా వంతుకు వచ్చే పని, అవి పుట్టించే విద్యుదయస్కాంత అంతరాయాన్ని, మేమంతా వాడే మాటలో చెప్పాలంటే ‘నాయిస్’ను, ప్రమాణాల హద్దులోకి తీసుకురావడం. గ్రిడ్‌కు, అంటే వీధి కరెంటు లైనుకు, కలిపిన సోలార్ ఇన్వర్టర్ వీధిలో కరెంటు పోగానే తానూ ఆగిపోవాలి. లేకపోతే స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మన డాబా మీది విద్యుత్తు తగిలే ప్రమాదం ఉంటుంది. ఎండ లేకపోతే అది ఎలాగూ పని చేయదు. కాబట్టి ఎండా కరెంటూ రెండూ ఉన్నప్పుడు మాత్రమే వినిపించే ఈల ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడానికి పరికరాలేమీ అక్కర్లేదు. “ఆ పెట్టెలో టక్కుమని చప్పుడవుతుంది చూడు, ఆ వెంటనే మొదలవుతుందిరా” అని నాన్నగారే ఫోన్‌లో చెప్పారు. ఆ టక్కు, ఇన్వర్టర్‌ను గ్రిడ్‌కు కలిపే రిలే అనే స్విచ్ మూసుకున్న చప్పుడు. ఆఫీసులో మేము లక్షల రూపాయల యంత్రాలు ముందు పెట్టుకుని పట్టుకునే విషయాన్ని ఆయన రెండు సెల్లతో పట్టేశారు.

తరువాతి శనివారం ఊరికి వెళ్లి, మెట్ల కింద గోడకు బిగించిన ఇన్వర్టర్‌కు నాలుగడుగుల దూరంలో కూర్చుని, రేడియో ముల్లును ఒక చివరి నుంచి మరో చివరి దాకా నెమ్మదిగా తిప్పాను. అంతరాయం ఒక్క విజయవాడ దగ్గరే లేదు. ప్రతి 20 కిలోహెర్ట్జ్‌కు ఒకసారి, దువ్వెన పళ్లలాగా, మీడియం వేవ్ పొడవునా ఉంది. లోపలి ట్రాన్సిస్టర్లు సెకనుకు 20,000 సార్లు తెరుచుకుని మూసుకుంటున్నాయని దాన్నిబట్టి తేలిపోయింది. మన దేశంలో మీడియం వేవ్ కేంద్రాలు 9 కిలోహెర్ట్జ్ ఎడంతో ఉంటాయి. అందుకే ఏ కేంద్రం సంఖ్యను తీసుకున్నా 9తో నిశ్శేషంగా భాగించవచ్చు. తొమ్మిదేసి దూరంలో పళ్లున్న దువ్వెన ఒకటి, ఇరవయ్యేసి దూరంలో పళ్లున్న దువ్వెన ఒకటి, రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెడితే ఏ కేంద్రానికి ఏ కష్టం వస్తుందో కాగితం మీదే లెక్క వేయవచ్చు. విజయవాడ 837కు అతి దగ్గరి పన్ను 840, అంటే 20కి నలభై రెండో రెట్టు. రేడియోలో ఈలగా వినిపించేది రెండింటి తేడాయే; ఇక్కడ అది 3 కిలోహెర్ట్జ్, సరిగ్గా మనిషి చెవి అన్నిటికన్నా చురుగ్గా వినే ప్రాంతం. హైదరాబాద్ 738కి దగ్గరి పన్ను 740 కాబట్టి అక్కడ 2 కిలోహెర్ట్జ్ ఈల, కొంచెం మంద్ర స్థాయిలో. విశాఖపట్నం 927కు దగ్గరిది 920; ఆ 7 కిలోహెర్ట్జ్ తేడాను చవక రేడియోలోని ఇరుకైన ఫిల్టరే దాదాపు మింగేస్తుంది. కడప 900 మాత్రం నలభై అయిదో రెట్టు మీద సరిగ్గా కూర్చుంది, కాబట్టి ఈల ఉండదు, బుర్రుమనే మోత ఒకటి కేంద్రం వెనకాల నిలబడుతుంది. ఈ రెండు దువ్వెనలూ ప్రతి 180 కిలోహెర్ట్జ్‌కు ఒకసారి, 540, 720, 900, 1080 దగ్గర, ఇలా కలుసుకుంటాయి. ఇదంతా నాన్నగారికి చెప్పినప్పుడు ఆయన రేడియోను హైదరాబాద్‌కు తిప్పి, ఈల స్థాయి తగ్గిందని విని నిర్ధారించుకున్నాకే నన్ను నమ్మారు.

ఆ ఈలలో వినపడే గరగర కూడా ఊరికే వచ్చింది కాదు. ఇన్వర్టర్ ప్రతి స్విచింగ్ పల్సు వెడల్పునూ 50 హెర్ట్జ్ సైన్ తరంగానికి అనుగుణంగా పెంచుతూ తగ్గిస్తూ పోతుంది. అందువల్ల ప్రతి పన్నుకూ రెండు పక్కలా 50 హెర్ట్జ్ గుణిజాల దూరంలో పిల్ల పళ్లు మొలుస్తాయి. శుద్ధమైన ఈల వినిపిస్తే దాని మూలం ఏ టీవీయో ఛార్జరో కావచ్చు. గ్రిడ్ లయతో గరగరలాడే ఈల వినిపిస్తే ఇన్వర్టర్‌ను అనుమానించడం మంచిదని నా అనుభవం.

ఇక్కడ ఒక విడ్డూరం ఉంది. ఇంటికి పెట్టే ఇన్వర్టర్లను 16 నుంచి 20 కిలోహెర్ట్జ్ దగ్గర నడపడానికి ఉన్న కారణాల్లో ముఖ్యమైనది మనిషి చెవి. అంతకన్నా తక్కువ వేగంతో స్విచ్ చేస్తే లోపలి చోక్, అంటే తీగచుట్ట, కంపించి కీచుమంటుంది, ఇంట్లోవాళ్లు గొడవ చేస్తారు. అందుకని చెవికి అందని 20 కిలోహెర్ట్జ్‌కు పెంచుతారు. చెవికి అందకూడదని ఎక్కించిన ఆ చప్పుడును నలభై రెండో మెట్టు మీద రేడియో పట్టుకుని, కేంద్రం తరంగంతో కలిపి, తేడాను మాత్రం తీసి మళ్లీ అదే చెవిలో పోస్తోంది.

నలభై రెండో రెట్టు దగ్గర ఇంకా ఏం బలం మిగులుతుందని చదువుకునే రోజుల్లో నేనూ అనుకునేవాణ్ణి. లెక్క వేసి చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. మా ఇంటి డాబా మీద 540 వాట్ల ప్యానెళ్లు ఆరు వరుసగా కలిపి ఉన్నాయి. వాటి నుంచి వచ్చే సుమారు 245 వోల్టుల డీసీని ఇన్వర్టర్ ముందుగా 400 వోల్టులకు పెంచి, ఆపైన ఆ 400ను ముక్కలు ముక్కలుగా కోసి ఏసీగా మలుస్తుంది. సున్నాకూ 400కూ మధ్య నిలువుగా ఎగిరి దూకే ఆ చతురస్ర తరంగంలో నలభై రెండో రెట్టు గరిష్ఠంగా సుమారు 6 వోల్టుల దాకా ఉండవచ్చు. ఇంటి పరికరాలకు వర్తించే క్లాస్ బి హద్దు ప్రకారం ఆ పౌనఃపున్యం వద్ద కరెంటు తీగ మీద ఉండదగిన నాయిస్ 56 డెసిబెల్ మైక్రోవోల్టులు, అంటే 0.63 మిల్లీవోల్టులు. ఆరు వోల్టులు శిఖరం విలువ; హద్దును చెప్పే ఆర్ఎంఎస్ కొలతలో అది నాలుగు వోల్టులకు కాస్త పైన. దాన్ని ఆ హద్దులోకి తేవడమంటే దాదాపు ఏడు వేల వంతుల్లో ఒక వంతుకు దించడం. వాట్ల లెక్కలో ఇది దుమ్ముతో సమానం. మూడు వేల వాట్లు పంపే పెట్టె ఒక మిల్లీవోల్టు కారణంగా పరీక్షలో తప్పడం కొత్తగా చేరిన ఇంజనీర్లకు అన్యాయంగా తోస్తుంది. రేడియో పక్షం నుంచి చూస్తే, అది వెతుకుతున్న కేంద్రం సంకేతం అంతకన్నా చిన్నది కావచ్చు.

ఇన్వర్టర్లు వేగవంతమవుతున్న కొద్దీ ఈ సమస్య పెరుగుతుందని అందరూ అంటారు. అది నిజమే కానీ పూర్తి నిజం కాదు, ఎందుకంటే ‘వేగం’ అన్న ఒకే మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతున్నాయి. ఒకటి, సెకనుకు ఎన్నిసార్లు స్విచ్ అవుతోంది. రెండు, ఒక్కొక్కసారి స్విచ్ కావడానికి ఎంత సమయం పడుతోంది. పాత ఐజీబీటీ ట్రాన్సిస్టర్ 100 నానోసెకన్లలో స్విచ్ అయితే దాని నాయిస్ 3.2 మెగాహెర్ట్జ్ దాకా నెమ్మదిగా, ఆ తరువాత రెట్టింపు ఏటవాలుతో తగ్గుతుంది. సిలికాన్ కార్బైడ్ పరికరం అదే పనిని 20 నానోసెకన్లలో చేస్తే ఆ మలుపు దాదాపు 16 మెగాహెర్ట్జ్‌కు జరుగుతుంది. గాలియం నైట్రైడ్ 5 నానోసెకన్లలో చేస్తే 60 మెగాహెర్ట్జ్ దాటిపోతుంది. నాన్నగారు వినే 837 కిలోహెర్ట్జ్ ఈ మలుపులన్నిటికీ కిందే ఉంది కనుక, ఆయనకు సంబంధించినంతవరకు అంచు ఎంత నిటారుగా ఉందన్నది అసలు లెక్కలోకి రాదు; స్విచింగ్ పౌనఃపున్యమే లెక్క. దాన్ని 20 నుంచి 100 కిలోహెర్ట్జ్‌కు పెంచితే దువ్వెన పళ్లు పల్చబడి వందకొకటి అవుతాయి, అయితే ఉన్న ప్రతి పన్నూ అయిదు రెట్లు బలపడుతుంది. నిటారు అంచుల బాధ పడేది షార్ట్‌వేవ్ వినేవాళ్లు, 7 మెగాహెర్ట్జ్ దగ్గర దూరదేశాలతో మాట్లాడే హామ్ రేడియో మిత్రులు, ఎఫ్ఎం శ్రోతలు. విద్యుత్ కార్లలో ఈ రెండు రకాల వేగమూ వందల వోల్టుల మీద, రేడియోకు చేయి చాచినంత దూరంలో పని చేస్తుంది. అందుకే బీఎండబ్ల్యూ ఐ3లో ఏఎం రేడియోనే పెట్టలేదు. ఫోర్డ్ కూడా కొత్త కార్ల నుంచి దాన్ని తీసివేయబోతున్నామని చెప్పి, నిరసన రావడంతో 2023లో మనసు మార్చుకుంది. నాయిస్‌ను తగ్గించడం కన్నా రేడియోను తీసేయడం చవక అని ఒక పెద్ద పరిశ్రమ లెక్క కట్టిందంటే, తగ్గించడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

పుట్టిన నాయిస్ రేడియో దాకా ఎలా నడిచి వస్తుందన్నదే నా దృష్టిలో ఈ విషయంలోని అసలు ఆసక్తికరమైన భాగం. మొదట్లో నేను కూడా నాయిస్ అంటే పొగలాగా నలుదిక్కులకూ వ్యాపించేదని, దాన్ని రేకు పెట్టెలో మూసేస్తే సరిపోతుందని అనుకునేవాణ్ణి. అది ప్రవాహం. ప్రవాహం ఎక్కడ బయలుదేరిందో అక్కడికి తిరిగి చేరి తీరాలి, మనం దారి చూపకపోతే తానే ఒక దారి వెతుక్కుంటుంది. ఆ దారి చుట్టుకునే వైశాల్యం ఎంత పెద్దదైతే దాని అయస్కాంత క్షేత్రం అంత దూరం చేరుతుంది.

మా ఇంటి విషయంలోనే చూద్దాం. ట్రాన్సిస్టర్ వేడిని లాగేందుకు దాన్ని అల్యూమినియం దిమ్మకు బిగిస్తారు. షాక్ కొట్టకుండా మధ్యలో పల్చని పొర ఉంటుంది. ఆ పొర విద్యుత్తును అడ్డుకుంటుంది కానీ కెపాసిటర్‌గా పని చేయకుండా, అంటే వేగంగా మారే వోల్టేజీకి దారి ఇవ్వకుండా, ఉండలేదు. అది 100 పీకోఫారడ్లు, వోల్టేజీ 50 నానోసెకన్లలో 400 వోల్టులు ఎగిరింది అనుకుంటే, ఆ కాస్సేపూ పొర గుండా 0.8 ఆంపియర్ల ప్రవాహం దిమ్మలోకి, అక్కడి నుంచి ఇన్వర్టర్ బయటి పెట్టెలోకి, ఎర్త్ తీగలోకి దిగుతుంది. మరో చివర డాబా మీద ప్యానెళ్లు ఉన్నాయి. గాజు పలక వెనక సెల్, దాని చుట్టూ అల్యూమినియం ఫ్రేము; ఇదీ కెపాసిటరే, అదీ సామాన్యమైనది కాదు, కిలోవాటుకు వంద నానోఫారడ్ల దాకా ఉంటుంది, వాన పడి గాజు తడిస్తే ఇంకా పెరుగుతుంది. మూడు కిలోవాట్లకు 300 నానోఫారడ్లు అనుకుంటే, 50 హెర్ట్జ్ దగ్గర అది పదివేల ఓములకు పైబడిన గోడ. 840 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక ఓమ్ కూడా లేని బార్లా తెరిచిన తలుపు. పెట్టెలో నుంచి ఎర్త్ తీగలో దిగిన నాయిస్ నేలలోకి వెళ్లి, ప్యానెళ్ల ఎర్త్ తీగ పట్టుకుని డాబా ఎక్కి, ఆ తలుపు గుండా సెల్లలోకి చేరి, డీసీ తీగల వెంట దిగి మళ్లీ ఇన్వర్టర్‌కు చేరుతోంది. ప్లస్, మైనస్ రెండు తీగల్లోనూ ఒకే దిశలో నడిచే ఇలాంటి ప్రవాహాన్ని కామన్ మోడ్ అంటారు. ఒక తీగలో వెళ్లి రెండో తీగలో తిరిగి వచ్చేది డిఫరెన్షియల్ మోడ్. ఫిల్టర్ డిజైన్ చేసేవాడు మొట్టమొదట తేల్చుకోవలసింది తన ముందున్నది ఈ రెండింటిలో ఏదన్నదే. అది తేల్చుకోకుండా కెపాసిటర్లు అతికించడం రోగం తెలియకుండా మందు వేయడమే.

మంచి ఇన్వర్టర్‌లో ఈ ప్రవాహానికి లోపలే అడ్డదారి ఉంటుంది. లైన్‌కూ పెట్టెకూ మధ్య వై కెపాసిటర్లు పెట్టి, దిమ్మలోకి దిగిన నాయిస్‌ను రెండంగుళాల దూరంలోనే వెనక్కి మళ్లిస్తారు. బయటికి పోయే దారిలో కామన్ మోడ్ చోక్ పెట్టి, అటు వెళ్లడం కష్టం చేస్తారు. వై కెపాసిటర్‌ను ఇష్టం వచ్చినంత పెద్దది పెట్టడానికి వీల్లేదు, ఎందుకంటే 230 వోల్టుల గ్రిడ్ 50 హెర్ట్జ్ ప్రవాహం కూడా దాని గుండానే ఎర్త్‌లోకి కారుతుంది, 4.7 నానోఫారడ్ల కెపాసిటర్ ఒక్కటే 0.34 మిల్లీఆంపియర్లు కారుస్తుంది. అలాగే చోక్‌కు చుట్లు పెంచుకుంటూ పోతే చుట్ల మధ్య కెపాసిటెన్స్ పెరిగి, పై పౌనఃపున్యాల్లో నాయిస్ చోక్‌ను దాటుకుని పక్క నుంచి దూకుతుంది. ఇవన్నీ సరిగ్గా కుదిరినా, ఫిల్టర్‌లోకి వెళ్లే తీగను, బయటికి వచ్చే తీగను పక్కపక్కనే పెట్టి అందంగా ఒక కట్టగా కడితే అంతా వృథా; శుభ్రమైన తీగ పక్కనున్న మురికి తీగ నుంచి నాయిస్‌ను మళ్లీ పట్టుకుంటుంది. నేను ఒకప్పుడు రెండు వారాలు పోగొట్టుకున్న పరీక్షలో తప్పంతా ఒక ప్లాస్టిక్ టై ముడిది. దాన్ని కోసి తీగలను విడదీయగానే కొలత గీత హద్దు కిందికి దిగిపోయింది.

ఆ హద్దుల వెనకా ఒక రేడియో శ్రోత ఉన్నాడు. ఈ ప్రమాణాలను రూపొందించే సీఐఎస్‌పీఆర్ అనే అంతర్జాతీయ సంఘం 1934లో పారిస్‌లో తొలిసారి సమావేశమైంది. అప్పటి సమస్య మోటార్లు, ట్రాముల వల్ల ఇళ్లలో రేడియో వినలేకపోవడమే. అందుకే వాళ్లు కొలిచే పద్ధతిలోనే చెవిని ఇమిడ్చారు. క్వాసీ పీక్ అనే ఆ కొలత సాధనం, పెద్దదైనా అరుదుగా వచ్చే టకటకను తక్కువ చేసి చూపిస్తుంది, వెంటవెంటనే వచ్చే దాన్ని ఎక్కువ చేసి చూపిస్తుంది, ఎందుకంటే వినేవాడికి చిరాకు తెప్పించేది రెండోదే. కొలిచే బ్యాండ్ వెడల్పు కూడా 9 కిలోహెర్ట్జ్, మన కేంద్రాల మధ్య ఎడం ఎంతో అంత. ఇప్పుడు కొన్ని ఇన్వర్టర్లు స్విచింగ్ పౌనఃపున్యాన్ని స్థిరంగా ఉంచకుండా అటూ ఇటూ ఊపుతూ, పన్ను బలాన్ని వెడల్పుగా పరిచి ఈ పరీక్షలో నెగ్గుతాయి. ఈల పోయి దాని స్థానంలో బుస వస్తుంది. మొత్తం నాయిస్ తగ్గకుండా కొలత మాత్రమే తగ్గే ఈ ఉపాయం మీద నాకు గౌరవం తక్కువే అయినా, గడువు ముంచుకొచ్చినప్పుడు నేనూ వాడాను.

మా ఇంటి ఇన్వర్టర్ పరీక్ష నెగ్గిన పెట్టే. ఆ పత్రం చూశాను, దాన్ని శంకించడానికి కారణం లేదు. అయితే పరీక్షలో తీగల మీద నాయిస్ కొలిచేది 150 కిలోహెర్ట్జ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా, గాలిలో వ్యాపించేదాన్ని కొలిచేది 30 మెగాహెర్ట్జ్ నుంచి పైకి. మీడియం వేవ్ దగ్గర డాబా మీది తీగల చుట్టూ ఏర్పడే అయస్కాంత క్షేత్రాన్ని నేరుగా కొలిచే ఘట్టమే అందులో లేదు; తీగ మీద తక్కువగా ఉంటే గాలిలోనూ తక్కువగానే ఉంటుందన్న నమ్మకంతో దాన్ని వదిలేశారు. డీసీ వైపు తీగలకు హద్దులు ఈ ప్రమాణంలోకి 2015 కూర్పుతోనే వచ్చాయి, అవీ మీడియం వేవ్ దగ్గర ఏసీ వైపు కన్నా 18 డెసిబెళ్లు ఉదారంగా ఉంటాయి. ప్రయోగశాలలో తీగలు పొందికగా పరిచి ఉంటాయి. మా డాబా మీద మాత్రం సోలార్ బిగించిన కుర్రాళ్లు ప్లస్ తీగను తూర్పు పిట్టగోడ వెంట, మైనస్ తీగను పడమటి పిట్టగోడ వెంట తెచ్చి మెట్ల దగ్గర కలిపారు. వరుసలో మొదటి ప్యానెల్ అటు, చివరి ప్యానెల్ ఇటు ఉన్నాయి కాబట్టి అలా చేస్తే తీగ ఆదా అవుతుంది. వాళ్ల వైపు నుంచి తప్పు పట్టడానికి లేదు, 50 హెర్ట్జ్ కళ్లతో చూస్తే అందులో దోషమే లేదు. 840 కిలోహెర్ట్జ్ కళ్లతో చూస్తే మాత్రం అది డాబా అంత ఒక్క చుట్టు యాంటెన్నా.

నేను వెళ్లేలోపే బిగించినవాళ్లు ఒకసారి వచ్చి, ఎర్త్ బాగా లేదని తేల్చి, ఎర్త్ గుంతలో కొత్తగా ఉప్పూ బొగ్గూ వేసి నాలుగు బిందెల నీళ్లు పోసి వెళ్లారు. ఈలలో మార్పు రాలేదు, రాదు కూడా. ఎర్త్ అనే మాట ఇలాంటి చోట మనల్ని చాలా మోసం చేస్తుంది. ఇన్వర్టర్ నుంచి గుంత దాకా ఉన్న పదిహేను మీటర్ల తీగకు ఇండక్టెన్స్, అంటే మారే ప్రవాహానికి అడ్డుపడే గుణం, సుమారు 20 మైక్రోహెన్రీలు ఉంటుంది. 50 హెర్ట్జ్‌కు దాని అడ్డు 6 మిల్లీఓములు, లేనట్టే. షాక్ నుంచి కాపాడటానికి ఆ తీగ చక్కగా సరిపోతుంది, దాన్ని ఎప్పుడూ తీయకూడదు. 840 కిలోహెర్ట్జ్‌కు అదే తీగ అడ్డు వంద ఓములు దాటుతుంది. గుంతలో ఉప్పు కాదు, వెండి పోసినా ఆ వంద ఓములు తగ్గవు.

అందుకని మేము దారిని కుదించే పని పెట్టుకున్నాము. ఎండ ఉన్నంతసేపూ ప్యానెళ్లను ఆపగల స్విచ్ ఏదీ లేదు కాబట్టి సాయంత్రం ఏడు దాటాక, ముందు ఏసీ బ్రేకర్, తరువాత డీసీ స్విచ్ ఆపి, లోపలి కెపాసిటర్లు ఖాళీ కావడానికి మరికాసేపు ఆగి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకుని చేశాము; లోడు మీద ఉన్న డీసీ కనెక్టర్‌ను లాగితే పుట్టే ఆర్క్ దానంతట అది ఆరదు, దానితో సాహసాలు పనికిరావు. తూర్పు గోడ తీగను విప్పి, కొంత కొత్త తీగ చేర్చి, మైనస్ వెంటే ఒకే పైపులో తెచ్చాము. అదే పైపులో ప్యానెళ్ల ఫ్రేము నుంచి ఇన్వర్టర్ పెట్టెకు ఒక రాగి తీగను కూడా కలిపాము, ఉన్న ఎర్త్ గుంతలన్నిటినీ యథాతథంగా ఉంచి. దీంతో నేలలో తిరిగి రావలసిన కామన్ మోడ్ ప్రవాహానికి డీసీ తీగలను ఆనుకునే తిరుగుదారి దొరికింది. మరునాడు పొద్దున టక్కుమన్నాక వింటే వార్తలు అర్థమయ్యాయి. ఈల వెనక్కి వెళ్లింది కానీ చావలేదు.

మిగిలినదానికి ఫెర్రైట్ అనే అయస్కాంత పింగాణీ పదార్థం వాడాను. ఆన్‌లైన్‌లో ‘నాయిస్ ఫిల్టర్’ అని అమ్మే, తీగకు టప్పున బిగించే చిన్న క్లిప్పులు మీడియం వేవ్‌కు దాదాపు పనికిరావు. ఒకే చుట్టుకు 1 మైక్రోహెన్రీ ఇస్తే 840 కిలోహెర్ట్జ్ దగ్గర దాని అడ్డు 5 ఓములు. అదే పదార్థంతో పెద్ద వలయం తీసుకుని ఏడు చుట్లు చుడితే ఇండక్టెన్స్ చుట్ల వర్గంతో, అంటే 49 రెట్లు పెరుగుతుంది, అడ్డు 250 ఓములు దాటుతుంది. పదార్థం మాంగనీస్ జింక్ రకం అయి ఉండాలి. నికెల్ జింక్ రకం ఎక్కువగా పదుల మెగాహెర్ట్జ్‌ల పని కోసం. ప్లస్, మైనస్ రెండు తీగలనూ జంటగా చుట్టడం తప్పనిసరి, ఎందుకంటే అప్పుడే వాటిలోని 13 ఆంపియర్ల డీసీ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. ఒక్క తీగనే ఏడుసార్లు చుడితే ఫెర్రైట్ సంతృప్తమై ఉత్త మట్టి గాజులా మిగులుతుంది. ఇన్వర్టర్ పెట్టెను మాత్రం తెరవలేదు. వారంటీ పోతుంది, పైగా ఇంకొకరు కుదిర్చిన వై కెపాసిటర్ల లెక్కలో బయటివాడు వేలు పెట్టకూడదన్నది నా వృత్తి నియమం. వలయం పెట్టాక విజయవాడ మీద ఈలను వినాలంటే పాటకూ పాటకూ మధ్య ఖాళీలో చెవి దగ్గర పెట్టుకోవాలి. నాన్నగారి రేడియోలో ఏరియల్‌గా పని చేసేది లోపల అడ్డంగా ఉన్న ఫెర్రైట్ కడ్డీ. దాని కొన ఏ దిశకు చూస్తుందో ఆ దిశ నుంచి వచ్చేది అది దాదాపు వినదు. ఆ కొన మెట్ల వైపు ఉండేలా బల్ల మీద పెన్సిల్‌తో గీత గీసి ఇచ్చాను. పనికి బయలుదేరేముందు ఆ గీత గీసి ఉంటే సగం శ్రమ తప్పేదని తరువాత తోచింది, కానీ అప్పటికే పైపు బిగించేశాము.

హైదరాబాద్ 738 మా ఊళ్లో పగలు బలహీనంగా వస్తుంది కాబట్టి అక్కడ 2 కిలోహెర్ట్జ్ ఈల ఇప్పటికీ వినపడుతోంది. ఆ కేంద్రం తాను రాత్రిపూటే వింటానని నాన్నగారు దాన్ని వదిలేశారు. పోయిన నెల కేంద్ర ప్రభుత్వం ఇచ్చే 78,000 రూపాయల సబ్సిడీతో పక్కింటివాళ్లు కూడా 3 కిలోవాట్లు పెట్టించుకున్నారు. వాళ్లింట్లో కరెంటు కలిపిన రోజే నాన్నగారు ఫోన్ చేశారు. “ఈసారి ఈల వేరేగా ఉందిరా, బాగా సన్నగా ఉంది” అన్నారు. నేను 16ను 52తో గుణించాను, 832 వచ్చింది. తేడా 5 కిలోహెర్ట్జ్. వాళ్ల తీగలు పిట్టగోడకు ఒకే పక్కన వస్తున్నాయో, రెండు పక్కలా వస్తున్నాయో చూసి చెప్పమన్నాను. ఆయన డాబా ఎక్కి, ఫోన్ చెవికి పెట్టుకునే ఉండి, “రెండు పక్కలా” అన్నారు.